ఎవరి పాఠము వారిది

దోహా నగరమున పాత విమానాశ్రయమునకు ఉత్తరముగా, తీరమునకు ఎంతో దూరము గాని తావున, మేడ మేడనొరసికొని నిలిచిన ఉమ్ ఘువైలినా పేటలో నేడు ఒకే భవనపు మెట్లపై తెలుగు, మలయాళము, తమిళము, ఉర్దూ, నేపాలీ, అరబ్బీ మాటలు కలగలసి వినవచ్చుచుండును. 2019 మే నెలలో ఎఱ్ఱ మార్గపు మెట్రో ప్రారంభమైననాడు తెఱచిన పదమూడు స్టేషన్లలో ఈ పేట స్టేషను ఒకటి. బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చిన కుటుంబములు ఇచట కాపురములు పెట్టుటయు, పనియొప్పందము ముగియగానే తట్టాబుట్టా సర్దుకొని తరలిపోవుటయు నిత్యము జరుగు ముచ్చటలే. అట్టి కుటుంబములలోని పిల్లల చదువును దగ్గఱనుండి చూచినవారికి ఒక విషయము తేటతెల్లము: ఒక యీడు పిల్లలు ఒక గదిలో కూర్చున్నంతమాత్రమున వారి చదువు ఒక్కటి కానేరదు. ఒకడు నిజామాబాదు బడిలో రెండవ తరగతిని నడుమ విడిచి వచ్చినవాడు. ఒకతె ఇచటనే పుట్టి, తెలుగు వినుటయే కాని చదువుట యెఱుగనిది. మఱియొకడు లెక్కలలో చురుకైనవాడయ్యు అక్షరము కంటబడినంతనే తడబడువాడు. ఈ భేదములను ఏమి చేయవలెననునది నేటి విద్యావేత్తలకు పెద్ద ప్రశ్నయై కూర్చున్నది. కాని ఇది నేడు పుట్టిన ప్రశ్న గాదు. ఈ యెడారితీరమునందును, మన తెలుగుసీమయందును పూర్వులు దీనికి ఇంచుమించు ఒకే సమాధానము చెప్పుకొనిరి; ఆ సమాధానమును నడుమ మనమెట్లు పోగొట్టుకొంటిమో, పిదప ఎవరెవరు దానిని మరల వెదకి తెచ్చిరో చెప్పుట ఈ వ్యాసోద్దేశము.

లారిమర్ సంకలనము చేయగా 1908లో వెలువడిన గల్ఫు గెజిటీరునుబట్టి అప్పటి దోహా జనసంఖ్య, తురుష్కుల దండులోని 350 మందిని కలుపుకొని, సుమారు 12,000. ఊరి బ్రదుకంతయు ముత్యములపై నడచెడిది. వేసవి రాగానే మగవారు పడవలెక్కి నాలుగేసి నెలలు సముద్రముపైననే యుండెడివారు. పని నేర్చుకొనుటకని బాలురను కూడ ‘తబ్బాబు’ లను పేర పడవలపైకి తీసికొనిపోవుట వాడుక. అట్టి ఊరిలో పిల్లలకు చదువు చెప్పినవి కుత్తాబులు. ‘ముతవ్వ’ యను ఖురాను గురువు ఇంటి వసారాలోనో, మసీదు ప్రక్కనో చాపలపై పిల్లలు వలయముగ కూర్చుండి, ఎవరి భాగమును వారు ఎలుగెత్తి చదువుచుండగా, ఆయన ఒక్కొక్కని దగ్గఱకు పిలిచి, వాని నిన్నటి పాఠమును ఒప్పజెప్పించుకొని, తప్పులు దిద్ది, నేటి పాఠమును చెప్పి పంపెడివాడు. ఒకడు ఖురానులోని కడపటి చిన్న సూరాలను (అధ్యాయములను) వల్లెవేయుచుండగా వాని మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చున్నవాడు గ్రంథమున సగము దాటియుండును. ఖురాను సమస్తమును ముగించిన దినమున ‘ఖత్మా’ వేడుక. పిల్లవానికి కొత్తబట్టలు తొడిగి, తోడి పిల్లలందఱు వెంటరాగా వీధులవెంట ఊరేగించెడివారు. ఆ దినము ఎన్ని నెలలకు వచ్చుననునది ఏ పంచాంగమునందును వ్రాసిలేదు. అది ఆ పిల్లవాని జ్ఞాపకశక్తిని, వాని యింటి అక్కఱను, వాని ఆరోగ్యమును బట్టి వచ్చునదియే.

ఇందొక సూక్ష్మము కలదు. పడవపైకి పోయిన బాలుడు చలికాలమునకు తిరిగి వచ్చి చాపపై కూర్చున్నపుడు వాని పాఠము విడిచినచోటనే వానికై కాచుకొనియుండెడిది. తరగతి యనునది లేదు గనుక తరగతిలో వెనుకబడుట యనునదియు లేదు. నేడు మనము విద్యార్థుల వ్యక్తిభేదములన్నపుడు బుద్ధిలోని హెచ్చుతగ్గులనే ముందు తలంతుము. కాని బడికి రాగలుగుట, రాలేకపోవుట అనునదియే భేదములలోకెల్ల పెద్ద భేదమని ముత్యముల ఊరివారికి అనుభవమువలన తెలిసినది.

పై చదువులకు షేక్ ముహమ్మద్ బిన్ అబ్దుల్ అజీజ్ అల్ మానా 1913లో దోహాలో స్థాపించిన అథరియ్యా పాఠశాల ఉండెను. బాలికలకు స్త్రీలే తమ యిండ్లలో చెప్పెడివారు. ఆమ్నా మహ్మూద్ అల్ జైదా అను విదుషి తన యింటనే బాలికలకు ఖురాను నేర్పుచు, 1950ల దశకపు నడుమ బాలికలకు ప్రభుత్వ పాఠశాల ఏర్పడుటకు దారితీసి, దానికి నాయకురాలై, ఖతరులో తొలి ఉపాధ్యాయినిగ కీర్తిగాంచెను. ఇంటి చాపపైనుండి బడి బల్లమీదికి ఒక దేశపు చదువు సాగిన ప్రయాణమంతయు ఒక్కరి జీవితమున ఇమిడియుండుట నాకు మిక్కిలి గౌరవము కలిగించు విషయము.

ఆ దినములలో ఈ తీరమునకును మన దేశమునకును నడుమ సముద్రమేకాని గోడ లేదు. ముత్యములు బొంబాయి బేరగాండ్రకు పోయెడివి; బియ్యము, బట్ట, పడవలకు కలప అటనుండి వచ్చెడివి; 1966 వరకు ఖతరు అంగళ్లలో చెల్లినది రూపాయియే. కావున కుత్తాబు ముచ్చట విన్న తెలుగువానికి తన వీధిబడి జ్ఞప్తికి వచ్చినచో అది వింత గాదు. అయినను ఒకదానిని చూచి ఒకటి ఏర్పడినదని నేననను. అక్కఱ ఒక్కటి గనుక ఏర్పాటును ఒక్కటియైనది.

మన వీధిబడులను గూర్చి అమూల్యమైన సాక్ష్యము ఒకటి కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని (ప్రెసిడెన్సీ) యందలి జిల్లాల కలెక్టరులందఱను దేశీయ పాఠశాలల వివరములు పంపుడని యడిగెను. వచ్చిన సమాధానములను కూర్చి 1826 మార్చిలో ఆయన వ్రాసిన లెక్కనుబట్టి 1,28,50,941 మంది జనులకు 12,498 బడులు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు. తక్కిన కలెక్టరులలో పలువురు అంకెలు పంపి ఊరకుండిరి. బళ్లారి కలెక్టరైన ఏ. డి. క్యాంబెల్ మాత్రము, తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన పండితుడు గనుక, బడి తలుపు తెఱచుకొన్నది మొదలు మూసికొనువరకు జరుగు తంతునంతయు 1823 ఆగష్టు 17వ తేది లేఖలో వర్ణించెను. నేటి అనంతపురము సీమ నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226; తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీకము, తమిళము, ఇంగ్లీషులకు సంబంధించినవి.

ఉదయము ఆఱు గంటలకు బడి మొదలగును. అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో మెప్పుగ ‘సరస్వతి’ యను నామము వ్రాయుదురు. రెండవవాని చేతిలో, వాడు పొగడ్తకును తెగడ్తకును పాత్రుడు గాడనుటకు, సున్న చుట్టుదురు. మూడవవానికి మెల్లగ ఒక బెత్తపు దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చుచు పోవును. అందఱును చేరిన పిమ్మట పంతులు వారిని, వారి సంఖ్యను, చదువును బట్టి, సాధారణముగ నాలుగు జట్లు చేయును. క్రింది జట్లు కొంతవఱకు పెద్దపిల్లల పోషణలో, పై జట్లు పంతులు ఎదుట. అయినను అందఱిపైనను ఆయన కన్ను ఉండనే యుండును. ఒక జట్టునుండి పై జట్టునకు పోవుట గడచిన ఏండ్లనుబట్టి కాదు, పిల్లవాని శక్తినిబట్టి, వాని పురోగమనమునుబట్టి. కొత్తగ వచ్చిన అయిదేండ్లవాడు నేలపై పఱచిన ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుచుండగా, వానికంటె రెండేండ్ల పెద్దవాడు గుణింతములోను, మఱియొకడు ఒత్తులలోను, వేఱొకడు గంటము పట్టి తాటాకుపైనను, మసి పూసిన కడితముపైనను వ్రాతలోను ఉండెడివారు. నడుమ చల్దికి విడిచి, మరల కూడి, ఇట్లే సాగెడిది.

ఇంతటి వివరమును చదువుచున్నపుడు నా మనస్సును ఆకర్షించునది ఆ వీధిబడి అరుగుమీద ఏకకాలమున జరుగుచున్న పాఠముల అనేకత. పంతులు ఒక్కడు, పాఠములు పదియో పదునైదో. వర్తకుని కొడుకు ఎక్కములు, వడ్డీలెక్కలు, జాబులు, పత్రములు చదువుట వ్రాయుట వచ్చినంతనే అంగడికి పోవును. పురోహితుని కొడుకు అమరకోశమునందు దిగును. కాపుబిడ్డ కోతలకు పోయి నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చి, తన గుణింతము మధ్యనుండి ఎత్తుకొనును. ప్రవేశమునకు ఒక మాసము, నిష్క్రమణమునకు ఒక పరీక్ష లేవు. మంచి దినము చూచి పలక పట్టించినచో అదియే ప్రవేశము.

తోడివాడు తోడివానికి చెప్పు పద్ధతి యింకను ప్రాచీనమని చూపుటకు ఇటలీదేశీయుడైన పియెత్రో దెల్లా వల్లే వ్రాత యున్నది. ఆయన పారసీక దేశమునుండి గల్ఫు దాటి హిందూదేశమునకు వచ్చి, 1623లో కన్నడసీమయందు ఒక ఆలయపు మండపమున నలుగురు బాలురు నేలపై సన్నని ఇసుక చల్లికొని, ఒకే రాగమున పాఠమును పాడుచు, పాడినదానిని వ్రేళ్లతో వ్రాయుచుండుట చూచెను. గురువు లేడు. పొరపాటు వచ్చినచో దిద్దువారెవరని యడుగగా, నలుగురమును ఒకేచోట ఒకేమాటు మఱచుట జరుగదు గనుక ఒకరినొకరము దిద్దుకొందుమని ఆ బాలురు చెప్పిరట. నలుగురి జ్ఞాపకము నాలుగు విధములుగ నుండుటయే ఆ బడికి గురుస్థానమైనది. భేదమును అడ్డంకిగ గాక ఆధారముగ నెంచిన ఇంతటి తెలివి ఆ చిన్నవారికి ఎవరు చెప్పియుందురో!

ఇట్టి యిసుకవ్రాతయే పిదప మఱియొక పరదేశీయుని కంటబడెను. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథబాలుర ఆశ్రమమునకు అధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, సమీపమున దేశీయ బాలురు ఇసుకలో వ్రాసికొనుట చూచి, తన బడిలోను ఆ పద్ధతి పెట్టదలచెను. పెద్ద ఉపాధ్యాయులు దానిని వంటబట్టించుకొనకపోగా, జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలునికి అక్షరముల జట్టును అప్పగింపగా వాడు నెగ్గుకొనివచ్చెను. 1797లో బెల్ దీనిని గ్రంథముగ లండనులో ప్రకటించిన పిమ్మట ‘మద్రాసు పద్ధతి’ యను పేర అది ఇంగ్లండున వ్యాపించెను. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుటను, తద్ద్వారా పెద్దవారి చదువు కూడ గట్టిపడుటను మెచ్చుకొన్న క్యాంబెల్, ఇంగ్లండు దానిని అనుకరించుట తగిన పనియేయని వ్రాసెను. కాని నా తలంపున బెల్ సముద్రము దాటించినది సగమే. ఒక్క గురువుతో అనేకులను నడుపు పొదుపు అటకు పోయినది. ఎవరి పాఠము వారిదను మూలసూత్రము ఇచటనే మిగిలిపోయినది. అచ్చట అది వందలకొలది బాలురను బల్లలవరుసలుగ కదలించు కవాతైపోయెను.

వీధిబడిని స్వర్గముగ చిత్రించుట నా యుద్దేశము గాదు. సోమరులను బెత్తముతో కొట్టుటయు, రెండు చేతులును కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు, ఎడతెగక గుంజిళ్లు తీయించుటయు క్యాంబెల్ వ్రాసినవే. మన తాతలు ‘కోదండము’ అని వణకుచు చెప్పినది ఇదియే. సోమరితనమునకు పడిన దెబ్బలలో గ్రహణశక్తి తక్కువగుటవలన పడినవి ఎన్నియో, చూపు మందగించుటవలన పడినవి ఎన్నియో లెక్కపెట్టినవారు లేరు. పిల్లలు పద్యములను చిలుకలవలె వల్లించుటయే కాని అర్థమెఱుగరని ఆయన చేసిన ఆక్షేపణయు సరియైనదే. అంతకంటె పెద్ద దోషము వేఱొకటి. బళ్లారి బడులలోని 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది. ఊరిచివర నుండిన మాల మాదిగల బిడ్డలకు ఆ అరుగు ఎక్కు యోగ్యతయే లేదు. వ్యక్తికిని వ్యక్తికిని గల భేదమును అంత చక్కగ గుర్తించిన బడి, జాతికిని జాతికిని మనుష్యులు కల్పించిన భేదమును దాటలేకపోయినది. పిల్లవాడేమి చదువగలడో చూచుటకు ముందే వాడెవని కొడుకని యడిగినది. ఏ గుణమును మనము తిరిగి కోరుదుమో, ఏ దోషమును ఎన్నటికి తిరిగి రానీయరాదో, రెండును ఆ అరుగుమీదనే పుట్టినవి.

తరువాతి కథ నాకు దుఃఖము కలిగించును గనుక క్లుప్తముగ చెప్పెదను. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో ప్రభుత్వము బడులకు ధనసాహాయ్యము చేయబూని, ఆ సాహాయ్యమును పరీక్షాఫలితములతో ముడిపెట్టెను. ఇన్‌స్పెక్టరు వచ్చి, నిర్ణీతమైన ప్రమాణముననుసరించి పిల్లలను పరీక్షించి, నెగ్గినవారి లెక్కనుబట్టి పంతులునకు సొమ్ము ఇప్పించును. ఇందువలన కొన్ని మేళ్లు కలుగకపోలేదు. అచ్చుపుస్తకములు వచ్చినవి, భూగోళము వచ్చినది, సర్కారు బడులలో క్రమక్రమముగ తలుపులు అందఱికి తెఱచుకొన్నవి. కాని ఇసుకలో వ్రాయు అయిదేండ్ల బాలుడును, ఏడేండ్ల బాలుడును ఇక తమ తమ పాఠములలో లేరు; ఒక తరగతిలో నున్నారు. నెగ్గు పిల్లవాడు పంతులునకు జీతము, నెగ్గనివాడు నష్టము. కోతలకు పోయి వచ్చిన కాపుబిడ్డకు పాఠము కాచుకొనియుండలేదు. ‘తప్పినవాడు’ అని పిల్లవానికి బిరుదు తగిలించుట మన బడులలో స్థిరపడినది ఈ కాలముననే.

ఈ ప్రవాహమునకు ఎదురీదినవారు లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు, కొండలనుండి దిగివచ్చు సవరలకు తెలుగో ఒడియాయో నేర్చిన పిమ్మటనే చదువనుట అన్యాయమని తలచి, తానే సవరభాషను ఒక సవరనుండి నేర్చి, ఆ భాషలో వాచకములు కూర్చి, తన ధనముతో బడులు పెట్టి, ఆ పిల్లలకు వారి మాటలలోనే అక్షరములు చెప్పించెను. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణమును, 1938లో వెలువడిన నిఘంటువును పండితలోకము కొనియాడినది. కాని ఆ గ్రంథములకు మూలము పాండిత్యకాంక్ష గాదు, బడిలో మూగవానివలె కూర్చున్న పిల్లవాడు. ఇంటిభాష బడిభాష ఒకటి గాకపోవుట ఎంతటి భేదమో గ్రహించి, ఆ భేదమును తొలగించుకొనుమని పిల్లవానితో చెప్పక, తాను పోయి పిల్లవాని ప్రక్కన కూర్చున్న గురువు ఆయన.

భేదములను కొలుచు యత్నమును ఈ కాలముననే మొదలైనది. 1905లో పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ బినే అను మనశ్శాస్త్రవేత్త, తరగతి పాఠము అందుకొనలేని పిల్లలకు ప్రత్యేకసాయము చేయుటకై, వారిని గుర్తించు ప్రశ్నావళిని సిద్ధపఱచెను. 1922 నాటికి లాహోరునందు హెర్బర్ట్ రైస్ దానిని హిందుస్తానీలోనికి మలచెను. సాయమునకై పుట్టిన కొలబద్ద క్రమముగ జల్లెడగ మాఱిన చరిత్ర లోకవిదితమే. పిల్లవాని బుద్ధికి అంకె కట్టుట సులువు. వాని పాఠమును వానికి తగినట్లు మార్చుట కష్టము. సులువైన పనియే ముందు వ్యాపించినది.

స్వాతంత్ర్యానంతరము మన బడుల సంఖ్య పెరిగినంతగ వాని రీతి మాఱలేదు. 1980ల దశకమున బ్రిటిషు ధనసాహాయ్యముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, మన ఉపాధ్యాయులు నోరార ‘అపెప్’ అని పిలిచినది, ఆఱు బోధనాసూత్రములను ప్రకటించినది. వానిలో ఒకటి స్పష్టముగ విద్యార్థుల వైయక్తిక భేదములకు తావిచ్చుట. మఱియొకటి వ్యక్తిగతముగను, జట్లుగను, తరగతి మొత్తముగను పని చేయించుట. ఉపాధ్యాయులు నెలనెలా కేంద్రములలో కూడి, అట్టలు కత్తిరించి, గింజలు, పుల్లలు, గవ్వలు పోగుచేసి పాఠోపకరణములు తయారుచేసికొనిరి. పిల్లల బొమ్మలు గోడలకు ఎక్కినవి. ప్రభుత్వకాగితముపై ‘వైయక్తిక భేదములు’ అను మాట సూత్రముగ పడుట చిన్న విషయము కాదు. అయినను నలువదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడును, ఏడాది చివర ఒక పరీక్షయు ఉన్నంతకాలము ఆ సూత్రము గోడమీది చార్టుగనే పలుచోట్ల నిలిచిపోయినది.

దానికి చేతులు కాళ్లు వచ్చినది మదనపల్లె చేరువ ఋషివ్యాలీలో. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాసంస్థ చుట్టునున్న పల్లెలలో, 1980ల దశకపు ఉత్తరార్ధమునుండి పద్మనాభరావు, రమ గార్ల నాయకత్వమున ఏకోపాధ్యాయ పాఠశాలలు వెలసినవి. ఆ సీమ వేరుసెనగ సీమ, మేకల సీమ. పనులు వచ్చినపుడు పిల్లలు చేలలో నుందురు, గొడ్లవెంట నుందురు. అయిదు తరగతుల పిల్లలు ఒక్క గదిలో, ఒక్క గురువు ఎదుట. వారేమి చేసిరనగా, పాఠ్యపుస్తకమును విప్పి, ఒక్కొక్క మెలకువను ఒక్కొక్క చిన్న కార్డుగ మార్చి, కొన్ని కార్డులకు ఒక మైలురాయి చొప్పున నిర్ణయించి, ఆ వరుసనంతయు నిచ్చెన బొమ్మగ గోడకు వ్రేలాడదీసిరి. పిల్లవాడు లోపలికి రాగానే నిచ్చెనపై తానున్న మెట్టు చూచికొనును; ఆ మెట్టున నున్న బొమ్మగుర్తు గల కార్డును అరనుండి తానే తీసికొనును; ఆ గుర్తే వాడు ఏ జట్టులో కూర్చుండవలెనో, పంతులు సాయముతోనా, తోడివాని సాయముతోనా, ఒంటరిగనా చేయవలెనో తెలుపును. గోడ క్రిందిభాగమున, పిల్లవాని చేతికందు ఎత్తున, ఎవరి నల్లబల్ల వారికి. మైలురాయి చేరినపుడు మూల్యాంకనము. తప్పులున్న మరల అభ్యాసపు కార్డులు, లేకున్న అదనపు కార్డులు, పిమ్మట పైమెట్టు. వేరుసెనగ పీకుటకు పోయిన బిడ్డ మూడువారములకు తిరిగి వచ్చి, నిచ్చెనపై తన మెట్టును వెదకికొని, ఎవరిచేతను చీవాట్లు తినక, తన కార్డు తీసికొని కూర్చుండును.

ఈ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో ‘నలి కలి’ యై కన్నడ బడులకు ప్రాకినది. 2003 మొదలు చెన్నై కార్పొరేషను బడులకును, పిదప తమిళనాడు అంతటికిని వ్యాపించినది. పుట్టినింట దానికి అంతటి ఆదరము కలుగకపోవుట తెలుగువాడనైన నాకు వెలితిగనే యున్నది. అనంతపురము అరుగులపై క్యాంబెల్ చూచిన నాలుగు జట్లకును, ఆ పొరుగుసీమలోనే లేచిన ఈ నిచ్చెనకును నడుమ నూటయఱువది యేండ్ల దూరమున్నను, వంశసంబంధము నాకు కనబడుచునే యున్నది. ఒక్క మార్పు మాత్రము మహత్తరము: ఈ గదిలోనికి వచ్చు పిల్లవానిని నీవెవని కొడుకవని యడుగువారు లేరు, కోదండము లేదు.

ఖతరు చదువును ఈలోపల వేగముగ మాఱినది. 1949 చివర చమురు ఎగుమతి మొదలైనపిదప సర్కారు బడులు వచ్చినవి, కుత్తాబులు తగ్గినవి. ఆ దేశపు తొలి ఉన్నతవిద్యాసంస్థ వైద్యకళాశాలయో సాంకేతిక కళాశాలయో గాక, 1973లో 57 మంది పురుషులతోను, 93 మంది స్త్రీలతోను ఆరంభమైన ఉపాధ్యాయశిక్షణ కళాశాల యగుట గమనింపదగినది. 1977లో అదియే విశ్వవిద్యాలయమైనది. 1974లో ఎం.ఇ.ఎస్. పాఠశాల స్థాపనముతో భారతీయుల బిడ్డలకు దోహాలో తమ బడి యేర్పడినది. 1999లో ప్రత్యేకావసరములు గల బాలలకొఱకు షఫల్లా కేంద్రము వెలసినది. ఒకప్పుడు సోమరియని దెబ్బలు తిన్న పిల్లవానిని నేడు పరీక్షించి, వాని కష్టమేమో తెలిసికొని నేర్పు విద్య యున్నదనుట మానవజాతి సాధించిన నిజమైన అభివృద్ధులలో ఒకటి.

ఉమ్ ఘువైలినాలోని మన పిల్లలకు బడిచదువు ఇంగ్లీషున సాగును. తెలుగు మాత్రము ఇండ్లలోనే మిగిలినది. సెలవుదినమగు శుక్రవారమున ఏ తల్లియో ఇరుగుపొరుగు పిల్లలను కూర్చుండబెట్టి చెప్పినచో చెప్పినట్లు. అట్టి యొక యింటికి, ప్రొద్దుటూరినుండి వచ్చిన ఒక గృహిణి యింటికి, నేను పలుమాఱులు పోయితిని. ముందుగదిలో తివాసిపై ఏడుగురు పిల్లలు. అయిదేండ్లవాడొకడు, పదునాలుగేండ్ల పిల్ల యొకతె, నడుమవారు తక్కినవారు. ఆమె మొదట అచ్చు వాచకము పట్టి అందఱకును ఒకేమాటు చెప్పజూచినదట. ‘ఉ’ కు ఉడుత బొమ్మ చూపగా, ఇచటనే పుట్టిన పిల్ల ఉడుతను ఎన్నడును చూచియుండలేదు. ‘ఒ’ కు ఒంటె యనగానే ఆ పిల్లయే లేచి ఒంటెల పందెములను గూర్చి ఆపకుండ చెప్పసాగినది. నిజామాబాదు పిల్లవానికి ఒత్తులవఱకు వచ్చును గాని ఆ పిల్ల మాటలలో సగము తెలియవు. నెల తిరుగకముందే ఆమె వాచకమును ప్రక్కకు నెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క నోటుపుస్తకము కుట్టి, వారి వారి యెఱుకనుండి మాటలు వ్రాయించుచు, ఎవరి పుటను వారిచే ఒప్పజెప్పించుకొన నారంభించెను. అక్షరము చూచి తడబడు బాలునికి ఆమె పలకపై గాక, పళ్లెములో పోసిన రవ్వలో వ్రేలితో వ్రాయించుచున్నది; క్యాంబెల్ పేరును, ఋషివ్యాలీ నిచ్చెనను ఆమె వినియుండలేదు.

వేసవిసెలవులలో నెలా రెండునెలలు ఊరికి పోయినవారి పుస్తకములు ఆమె అలమారలోనే యుండును. తిరిగి వచ్చి విడిచిన పుటయందే తెఱతురు. చిన్నవానికి గుణింతము చెప్పు పని పదునాలుగేండ్ల పిల్లది. మొదట విసుగుకొనెడిదట. ఇపుడు, వానికి ‘క’ గుణింతము తప్పు లేకుండ చెప్పవలెనన్న పట్టుదలతో ముందునాటి రాత్రి తానే ఒకమాఱు వ్రాసి చూచుకొనుచున్నాననియు, తన దీర్ఘములు హ్రస్వములు అందువలననే కుదురుకొన్నవనియు ఆ పిల్లయే నాతో చెప్పినది.